వీసా ఆఫీసరు కోసం కొన్న పాలసీ

విదేశాలకు పోయి మంచు మీద జారి రావాలని సరదాపడే మనవాళ్లు ముందు విమానం టికెట్లు కొంటారు. తర్వాత చెన్నై టీనగర్ పోయి థర్మల్స్, దళసరి జాకెట్లు కొంటారు. ఇన్సూరెన్సు మాట అన్నిటికన్నా చివర్న వస్తుంది. అదీ వీసా ఫైల్లో ఒక కాగితం తక్కువైందని ట్రావెల్స్ వాళ్లు ఫోన్ చేస్తేనే. "ఏదో ఒకటి, చవకలో వేసెయ్" అని ఆ ఫోన్లోనే తేల్చేస్తారు.

నెల్లూరులో అకౌంట్లు రాసే ఆఫీసు నాది. పాలసీలు అమ్మను, నాకు కమీషనూ లేదు. వీసాకి కావాల్సిన ట్యాక్సు రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు నా దగ్గర తయారవుతాయి కాబట్టి ఫైల్లో ఉన్న మిగతా కాగితాలు కూడా నా కంటపడుతుంటాయి. అవి చూసీ చూసీ నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: వీసా కోసం కొన్న పాలసీని నమ్ముకుని కాళ్లకు స్కీలు, అదే మంచు మీద జారే పొడవాటి పట్టీలు, కట్టుకోకూడదు. స్కీయింగ్‌కి సరిపడే పాలసీ కొనడం ఇష్టం లేకపోతే మంచు చూసి, ఫోటోలు దిగి, వేడివేడిగా ఏదన్నా తాగి వచ్చేయండి. అందులో నామోషీ ఏం లేదు.

యూరప్ సంగతే తీసుకుందాం. మనవాళ్లు ఎక్కువగా పోయేది అక్కడికే. 2009 నాటి వీసా నిబంధనల ప్రకారం యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే ఇచ్చే షెంజెన్ వీసా అడిగేవాళ్లు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు పాలసీ చూపించాలి. అత్యవసర వైద్యం, ఆస్పత్రి ఖర్చు, అవసరమైతే సొంత దేశానికి చేర్చడం, ప్రాణం పోతే శవాన్ని పంపించడం అందులో ఉండాలి. ఆ పాలసీ షెంజెన్ దేశాలన్నిట్లో చెల్లాలి, ఉండబోయే రోజులన్నిటికీ వర్తించాలి. అంతటితో వాళ్ల పని అయిపోయింది. మీరు మ్యూజియం చూడ్డానికి పోతున్నారా, కొండ మీంచి జారడానికి పోతున్నారా అని పాలసీ విషయంలో వాళ్లు ఆరా తీయరు. మీ వల్ల వాళ్ల ఆస్పత్రికి రావాల్సిన డబ్బు మునగకుండా చూసుకోవడమే ఆ నిబంధన ఉద్దేశం.

బైపాస్ మీద పోలీసులు కనబడగానే బండి ట్యాంకు మీంచి తీసి నెత్తిన పెట్టుకుంటామే హెల్మెట్, ఇదీ అట్లాంటిదే. దానికి బకిల్ కూడా పెట్టుకోం.

ఈ మధ్య మా బావ ఫైలు నా దగ్గరికి వచ్చింది. ఆయనది చీమకుర్తిలో గ్రానైటు వ్యాపారం. ఇక్కడి బ్లాక్ గెలాక్సీ పలకలు కొనే పాత బయ్యరు ఒకాయన ఇటలీలో వెరోనా దగ్గర ఉన్నాడు. ఫిబ్రవరిలో ఇంటిల్లిపాదీ రండి, డోలమైట్స్ కొండల్లో స్కీయింగ్ నేర్పిస్తాను అని పిలిచాడట. బావకి యాభై దాటాయి. షుగరు ఉంది, బీపీ మాత్ర వేసుకుంటాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ క్వారీ అంచుల మీద నడిచినవాడు, ఎత్తంటే బెదురు లేదు. ఆ బెదురు లేకపోవడమే నాకు టెన్షన్.

"ఏందయ్యా బామ్మర్దీ, ఆడ నాలుగేళ్ల పిల్లకాయలు జారతావుంటే నేను జారలేనా? రెండు గంటలు క్లాసు, అంతే. దానికి మళ్లీ వేరే ఇన్సూరెన్సు ఎందుకంట?" అన్నాడు.

"క్లాసులోనే కదా బావా పడేది" అన్నాను.

ఆయన పాలసీ తెరిచి చూశాను. మెయిల్లో రెండు పీడీఎఫ్‌లు వచ్చాయి. ఒకటి పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎంత మొత్తానికి బీమా అన్నవి ఉన్న చిన్న సర్టిఫికెట్. వీసాకి జతచేసింది అదే. రెండోది అసలు నిబంధనల పుస్తకం, దాన్ని ఎవరూ తెరవలేదు. సర్టిఫికెట్లోనే, ఏయే కవరేజీ ఎంతెంత అని చెప్పే పట్టికలో చివరి వరుసలో చిన్న అక్షరాల్లో "అడ్వెంచర్ స్పోర్ట్స్: నాట్ ఆప్టెడ్" అని ఉంది, అంటే సాహస క్రీడలకు కవరేజీ తీసుకోలేదని. దానికి రెండు వరుసల పైన, గోల్ఫ్‌లో ఒకే దెబ్బకి బంతి గుంతలో పడితే డబ్బులిస్తామని ఇంకో కవరేజీ ఉంది! మా బావ జన్మలో గోల్ఫ్ కర్ర పట్టింది లేదు. పట్టుకోబోయే స్కీ కర్రలకు మాత్రం రక్షణ లేదు. ఆన్‌లైన్లో ధర తక్కువ నుంచి ఎక్కువకి పేర్చుకుని మొదటిది నొక్కితే ఇట్లాంటివే వస్తాయి.

రెండు గంటల క్లాసేగా అనే మాట చాలామంది నోట విన్నాను. ఇంగ్లిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చిలో కెనడాలోని మాన్ ట్రాంబ్లాలో పడిపోయింది పెద్ద కొండ మీద కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ల వాలులో, క్లాసులో ఉండగానే పడింది. తలకు హెల్మెట్ లేదు. లేచి బాగానే ఉన్నానంది, డాక్టర్లు వద్దంది. పుర్రెకీ మెదడు పొరకీ మధ్య రక్తం చేరి రెండు రోజుల్లో చనిపోయింది. అట్లాంటివి అరుదే, కాదనను. కొత్తవాళ్లకు ఎక్కువగా పోయేది మోకాలు. స్కీ ఒకవైపు ఉండిపోయి ఒళ్లు ఇంకోవైపు తిరిగితే లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు తెగుతుంది. పడేటప్పుడు చేతిలో కర్ర వదలకపోతే బొటనవేలు బెణుకుతుంది, ఒక్కోసారి అక్కడి లిగమెంటు కూడా తెగుతుంది. వీటికి ఎత్తయిన కొండ అక్కర్లేదు.

అదనంగా డబ్బు కట్టి సాహస క్రీడల కవరేజీ చేర్చుకునే యాడ్ ఆన్ తీసుకున్నాం కదా, ఇక నిశ్చింత అనుకోవడానికీ లేదు. అందులో స్కీయింగ్ ఉందా లేదా అన్నదొక్కటే చూస్తే చాలదు. ఎట్లాంటి స్కీయింగ్, ఎక్కడ, ఎవరి వెంట అన్నది చూడాలి. చాలా పాలసీల్లో శిక్షణ పొందినవాళ్ల పర్యవేక్షణలో, సరదా కోసం చేస్తేనే వర్తిస్తుందని ఉంటుంది. అంటే బావ స్నేహితుడు ఎంత బాగా జారేవాడైనా, ఆయనకి ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ లేకపోతే ఆయన నేర్పించే క్లాసు లెక్కలోకి రాకపోవచ్చు. పందేలు, హెలికాప్టర్‌లో శిఖరం మీద దిగి జారడం మామూలుగా బయటే ఉంటాయి. గుర్తులు పెట్టిన దారి దాటి వెళ్తే కూడా చాలా పాలసీలు చేతులెత్తేస్తాయి. యూరప్‌లో దారులకు రంగులుంటాయి. నీలం తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. కొన్నిచోట్ల నీలం కంటే తేలికైన పచ్చ దారి కూడా ఉంటుంది. ఆ దారుల మధ్య ఖాళీగా కనిపించే తెల్లటి మంచు ఎవరి బాధ్యతా కాదు. రేసింగ్ ఛాంపియన్ మైఖేల్ షూమాకర్ 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో తల రాయికి కొట్టుకుంది అట్లాంటి చోటే. గుర్తులు పెట్టిన రెండు దారుల మధ్య, దారి నుంచి కొన్ని మీటర్ల దూరంలో. ఆయనకి హెల్మెట్ ఉంది, బాగా అలవాటైన ఆట. ఇక మనమెంత.

ఇప్పుడు అసలు ఖర్చు సంగతికొద్దాం. మనకు ఆస్పత్రి బిల్లు గుర్తొస్తుంది గానీ ఆస్పత్రికి చేరే ఖర్చు గుర్తురాదు. కొండ మీద కాలు విరిగితే 108 అంబులెన్సు రాదు. మంచు మీద లాక్కెళ్లే స్ట్రెచర్ బండి వస్తుంది, లేకపోతే హెలికాప్టర్. ఆస్ట్రియాలో కొండల మీద ఆటల్లో జరిగే ప్రమాదాలకు హెలికాప్టర్ బిల్లు మామూలుగా దెబ్బ తగిలినవాళ్ల పేరు మీదే వస్తుంది. అది వేల యూరోల్లో ఉంటుంది. ఫ్రాన్స్‌లో దారి మీంచి కిందికి దించినందుకు కూడా డబ్బు కట్టాలి. అందుకే అక్కడ కొండ పైకి చేర్చే లిఫ్టుకి పాసు కొనే కౌంటర్లోనే రోజుకింతని స్కీ ఇన్సూరెన్సు కూడా అమ్ముతారు. కౌంటర్లో అమ్మే ఆ చిన్న పాలసీని తీసిపారేయొద్దు. ఆ కొండ మీద ఏం ఖర్చవుతుందో బాగా ఎరిగినవాళ్లు రాసింది అది. ఇక్కడి పాలసీకి బదులు కాదు గానీ, పక్కన ఉంటే మంచిదే.

ఇక్కడి పాలసీలో ఇంకో మెలిక ఉంటుంది. వైద్యం కోసం తరలించడాన్ని వాళ్ల అసిస్టెన్స్ కంపెనీ, అంటే విదేశాల్లో వాళ్ల తరఫున సాయం చూసే సంస్థ, ముందే ఒప్పుకోవాలి, లేదా వాళ్లే ఏర్పాటు చేయాలి. మంచులో పడి కదల్లేనివాడు చేతి తొడుగు తీసి, ఫోన్ అన్‌లాక్ చేసి, ఇండియా నంబరుకు కాల్ చేసి, ఒకటి నొక్కండి రెండు నొక్కండి విని, అనుమతి తీసుకుని హెలికాప్టర్ ఎక్కుతాడా? ఎక్కడు. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 112కి ఎవరో ఫోన్ చేస్తారు, వచ్చినవాళ్లు ఎత్తుకుపోతారు. అందుకని "ప్రాణాపాయంలో ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఇన్ని గంటల్లో తెలియజేస్తే చాలు" అనే వాక్యం నిబంధనల పుస్తకంలో ఉందో లేదో కొనకముందే వెతకాలి. కొండ మీంచి రక్షించే ఖర్చు విడిగా రాసి ఉందా అన్నదీ చూడాలి. నేను ముందు వెతికేది ఈ రెండే. సామాను పోతే ఎంత, విమానం ఆలస్యమైతే ఎంత అన్నవి తర్వాత. స్కీలు, బూట్లు మనం అద్దెకే తీసుకుంటాం కాబట్టి ఆ గొడవ పెద్దగా లేదు.

మోకాలి దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, ఒళ్లూ డబ్బూ రెండూ. లిగమెంటు తెగితే చాలాసార్లు వెంటనే ఆపరేషన్ చేయరు. వాపు తగ్గాక చేద్దామంటారు. అక్కడి డాక్టరు స్కానింగ్ చేసి, బ్రేస్ కట్టి, "మీ ఊరు పోయి చేయించుకోండి" అని పంపిస్తాడు. ట్రావెల్ పాలసీ పని అంతటితో ముగుస్తుంది. అత్యవసరం కానిది, ఇంటికి వెళ్లేదాకా ఆగగలిగింది దాని పరిధిలోకి రాదు. చాచిన కాలు మడవకుండా ఇటలీ నుంచి చెన్నై దాకా కూర్చునే సీటు ఎవరు కొనిస్తారు? అది పాలసీలో ఉందా? చాలామంది అడగని ప్రశ్న ఇది.

ఇంటికొచ్చాక నెల్లూరులోనో చెన్నైలోనో జరిగే ఆపరేషన్‌కి మన మామూలు హెల్త్ పాలసీ అక్కరకొస్తుంది. స్కీయింగ్ అంటే వాళ్లూ ఇవ్వరేమోనని భయపడేవాళ్లున్నారు. బీమా నియంత్రణ సంస్థ, అదే మన హైదరాబాద్‌లో ఉండే ఐఆర్‌డీఏఐ, ఇక్కడి హెల్త్ పాలసీలకు పెట్టిన ప్రామాణిక మినహాయింపుల్లో సాహస క్రీడల మాట ఉంది. కానీ అది ఆ ఆటను వృత్తిగా ఆడేవాళ్ల గురించి. గ్రానైటు వ్యాపారి ఏ రకంగానూ వృత్తి స్కీయరు కాడు. పైగా కొత్త పాలసీలో క్లెయిమ్‌కి మొదటి 30 రోజులు ఆగాలనే వెయిటింగ్ ప్రమాదాలకు వర్తించదు. అందుకే అంటాను, స్కీ హాలిడేకి పోయే ముందు ట్రావెల్ పాలసీతో పాటు ఇంట్లో ఉన్న హెల్త్ పాలసీ రెన్యువల్ తేదీ కూడా చూసుకోవాలి. ఒకటి కొండ మీంచి దించుతుంది, రెండోది మోకాలు బాగుచేస్తుంది. రెండో దాన్ని ల్యాప్స్ చేసుకుని మొదటిదాని కోసం వెబ్‌సైట్లన్నీ జల్లెడ పట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మనకు దెబ్బ తగిలితే ఒక బాధ. మనవల్ల ఇంకొకరికి తగిలితే? మనవాళ్లకు ఈ ఆలోచనే రాదు. స్కీయింగ్‌కి అంతర్జాతీయ సమాఖ్య పెట్టిన నడవడి నియమాలు 10 ఉన్నాయి. వాటి ప్రకారం వెనక నుంచి, అంటే పైనుంచి వచ్చేవాడే ముందున్నవాణ్ణి తప్పించుకోవాలి. కొత్తవాడికి ఆపడం రాదు, మలుపు తిప్పడం రాదు, నేరుగా వెళ్లి ఎవరికో తగులుతాడు. తప్పు వాడిదే అవుతుంది. అమెరికాలో నటి గ్వినెత్ పాల్ట్రో మీద ఇట్లాంటి కేసే నడిచింది. 2016లో యూటా రాష్ట్రంలో స్కీ వాలు మీద ఇద్దరు ఢీకొన్నారు. ఎవరు ఎవరికి తగిలారన్న తగువు 2023 మార్చిలో తీర్పు వచ్చేదాకా సాగింది. ఆమె గెలిచింది, ఆమె అడిగిన ఒక్క డాలరు పరిహారం ఆమెకు వచ్చింది. ఆమెకు లాయర్లను పెట్టుకునే స్తోమత ఉంది. చీమకుర్తి నుంచి ఇటలీ కోర్టు వాయిదాలకు తిరగడం ఎవరి తరం? ఇటలీ అయితే 2022 జనవరి 1 నుంచి స్కీ దారుల మీద జారే ప్రతివారికీ ఇతరులకు కలిగే నష్టం తాలూకు ఇన్సూరెన్సు తప్పనిసరి చేసింది. లేనివాళ్లకు జరిమానా. మన పాలసీలో "పర్సనల్ లయబిలిటీ" అని ఒక అంకె కనిపిస్తుంది, కానీ సాహస క్రీడల్లో జరిగిన దానికి అది వర్తిస్తుందా అన్నది వేరే పేజీలో ఉంటుంది. అది తేలకపోతే లిఫ్టు కౌంటర్లో పాసుతో పాటు తీసుకోవడమే తేలిక.

తాగి జారితే మామూలుగా పాలసీలు ఇవ్వవు. ఇటలీలో అది చట్టప్రకారం కూడా తప్పే. మధ్యాహ్నం కొండ మీది హోటల్లో ఒక గ్లాసు తీసుకుని మళ్లీ లిఫ్టు ఎక్కడం అక్కడివాళ్లకు మామూలేమో, క్లెయిమ్ రాసే రోజున మనకు మామూలు కాదు. షుగరూ బీపీ దాచడం కూడా అంతే. ప్రపోజల్ ఫారంలో "ఏవైనా జబ్బులున్నాయా" అన్నచోట బావ కొడుకు అన్నిటికీ "నో" నొక్కాడు, ప్రీమియం పెరుగుతుందని. కాలు విరిగినదానికీ షుగరుకీ సంబంధం ఏముందని వాదించవచ్చు. కానీ ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడు ఏ మందులు వాడుతున్నారని అడుగుతారు, బావ నిజం చెబుతాడు, అది కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. రేపు కంపెనీ చేతికి ఆ రెండు కాగితాలూ పక్కపక్కనే చేరతాయి.

"ఎట్టా తీసుకున్నా వాళ్లు ఇచ్చేది లేదు చచ్చేది లేదు, దండగ" అనేవాళ్లకి కావలి నుంచి వెళ్లిన ఒక రిటైర్డ్ లెక్చరరు గారి సంగతి చెబుతాను. కొడుకు దగ్గరికి జర్మనీ వెళ్లారు. స్కీయింగ్ జోలికే పోలేదు. మనవడితో కలిసి చెక్క బండి మీద కూర్చుని చిన్న మంచు దిబ్బ మీంచి జారారు, మణికట్టు విరిగింది. డాక్టరు కాగితం మీద మంచుబండి మీద జారుతూ పడ్డారని రాశాడు. ఇక్కడి కంపెనీ అది శీతాకాల క్రీడ కాబట్టి యాడ్ ఆన్ లేనిదే చెల్లదని తిప్పికొట్టింది. ఆ కాగితాలు నా దగ్గరికొచ్చాయి. నిబంధనల పుస్తకంలో మినహాయించిన ఆటల జాబితా ఉంది. స్కీయింగ్ ఉంది, స్నోబోర్డింగ్ ఉంది, మంచుబండి లేదు. "ఇటువంటివి" అన్న మాట కూడా లేదు. ఆ పేజీ నంబరు వేసి ఉత్తరం రాశాం. నెలలోగా తేల్చకపోతే హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తామని చివర్న చేర్చాం. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. డిడక్టిబుల్, అంటే మనమే భరించాల్సిన వాటా, పోను మిగతాది ఇచ్చారు. ఇంకో కంపెనీ పుస్తకంలో "మంచు మీద ఆడే ఏ ఆటైనా" అని రాసి ఉంటే లెక్చరరు గారికి పైసా వచ్చేది కాదు. మాస్టారి అదృష్టం ఆ వాక్యంలో ఉంది. కొనేటప్పుడు ఆయన దాన్ని చదవలేదు.

ఎంత మొత్తానికి తీసుకోవాలని అడుగుతారు. నా లెక్కలో యూరప్‌లో స్కీయింగ్‌కి లక్ష డాలర్లకు తక్కువ వద్దు, అమెరికాకైతే రెండున్నర లక్షలకు తక్కువ వద్దు. 30,000 యూరోలు అంటే దాదాపు 30 లక్షల రూపాయలని మురిసిపోతాం గానీ హెలికాప్టరు, ఆపరేషను, కొన్ని రోజుల ఆస్పత్రి, పడుకోబెట్టి తీసుకొచ్చే విమానం కలిపితే అది ఎటు పోయిందో కనపడదు. క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే ఇన్సూరెన్సు మీద ఆధారపడేవాళ్లను మాత్రం నేను వాదించి గెలవలేను. ఒక్కసారి దాని నిబంధనల్లో ఎక్స్‌క్లూజన్స్ అన్న పేజీ తెరిచి చూడమంటాను, అంతే.

బావ పాలసీ రద్దు చేయించి కొత్తది తీశాం. షుగరు, బీపీ రాశాం. స్కీయింగ్ యాడ్ ఆన్ పెట్టాం. పెరిగిన ప్రీమియం అక్కడి ఒకరోజు లిఫ్టు పాసు అంత కూడా లేదు. బయ్యరు గారి క్లాసు వద్దని, సర్టిఫికెట్ ఉన్న స్కీ స్కూలులో బుక్ చేసుకోమని చెప్పాను. రసీదులు దాచమన్నాను. 2025 శీతాకాలం నుంచి ఇటలీలో పెద్దవాళ్లకు కూడా హెల్మెట్ తప్పనిసరి కాబట్టి ఆ విషయంలో నాతో వాదన పెట్టుకోలేదు. అక్క దగ్గరే పేచీ వచ్చింది.

"దానికెందుకు యాడ్ ఆన్? అది స్కీలు ముట్టుకోదు. కింద కూచుని ఫోటోలు తీస్తానంటా ఉంది" అన్నాడు బావ.

అక్క మనవరాలు కూడా వెంట వెళ్తోంది. దానికి ఐదేళ్లు. చెక్క బండి కనపడితే అమ్మమ్మను ఎక్కించకుండా వదలదు. అక్క పేరు మీద కూడా వేయించాను, ఆ డబ్బు నేనే కట్టాను. బావ ఇంకా ఇవ్వలేదు.